పెన్ను ముట్టుకోని ఉద్యోగం

సోమవారం

మనవరాలు నా చేత ఒట్టు వేయించుకుంది. ఆఫీసు సంగతులు బయట ఎక్కడా అనకూడదట. ముఖ్యంగా మంగలి షాపులో.

"నీ కడుపులో మాట ఆగదు తాతయ్యా. ఈసారి ఆపు," అంది.

ఆపమంటే ఆగుతుందా? ఏళ్ళ తరబడి బస్సులో కండక్టరుగా అరిచిన గొంతు ఇది. అందుకే కోడలు పనిచేసే మందుల షాపు వాళ్ళిచ్చిన డైరీ తీశాను. పాతది, తారీఖులు కలవవు. వారం రాసుకుంటే చాలు. చదివింది ఏడో క్లాసు, తప్పులుంటే ఉంటాయి. చదివేది నేనే కదా. నన్ను నేను క్షమించుకుంటా.

సంగతేమిటంటే, మా పిల్ల ట్రైనింగులో దెబ్బతింది.

ఆ ఉద్యోగమేమిటో నాకు చాలాసార్లు చెప్పింది. నాకు ఎక్కినంత వరకూ ఇదీ: యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. వీళ్ళు పాఠం చెప్పరు. పాఠం ఎలా చదవాలో, వ్యాసం ఎలా రాయాలో వచ్చినవాళ్ళకి అలవాటు చేస్తారు. "అంటే కాలేజీలోనే కాలేజీకి ట్యూషనా?" అన్నాను. వాళ్ళమ్మ నవ్వింది. ఇది నవ్వలేదు.

కొత్తగా చేరినవాళ్ళకి ముందు ట్రైనింగు. ట్రైనింగిచ్చే పెద్దావిడ గదిలో ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చుని, వీళ్ళు స్టూడెంటుతో ఎలా మాట్లాడుతున్నారో చూస్తుంది. ఆవిడకి ఒకటే పట్టుదల. పెన్ను స్టూడెంటు చేతిలోనే ఉండాలి. చెప్పేవాళ్ళు ముట్టుకోకూడదు. నేనావిడకి పెన్ను మేడం అని పేరు పెట్టాను.

మనది అంతకుముందు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన పిల్ల. తప్పు కనబడితే చెయ్యి ఊరుకోదు. బిస్కెట్ ప్యాకెట్టు మీద అక్షరం తప్పుంటే దిద్ది మరీ తింటుంది. ఇవాళ స్టూడెంటు కాగితం పెట్టగానే పెన్ను లాక్కుని పైనుంచి కిందదాకా దిద్దేసిందట. ఆ కుర్రది గోడ గడియారం చూస్తూ కూర్చుందట. అంతా అయ్యాక పెన్ను మేడం, "బాగా దిద్దావమ్మా. మరి నేర్చుకున్నదెవరు?" అందట.

నెలాఖరులోపు ఇంకోసారి చూస్తారు. అప్పుడూ ఇంతే అయితే ట్రైనింగుతోపాటు ఉద్యోగమూ సరి.

పోతే పోయింది, ఇంకోటి దొరకదా? ప్రెస్సు మూసేశాక ఏడాదిపాటు ఇది తన గది తలుపు వేసుకునే ఉంది. కంచం తలుపు దగ్గరే పెట్టేవాళ్ళం. అదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో. నాకేం బెంగ లేదు.

మంగళవారం

విశేషాలు లేవు. గది తలుపు తీసే ఉంది. అటువైపు పనుండి వెళ్ళాను, చూశాను, అంతే.

బుధవారం

"తాతయ్యా, నువ్వు నా స్టూడెంటువి," అంది సాయంత్రం రాగానే.

"ఫీజెంత ఇస్తావు?"

"స్టూడెంటు ఇవ్వాలి, పుచ్చుకోడు. నీకు బాగా తెలిసిన విషయం మీద ఒక పేజీ రాయి."

రాశాను. పైన పేరు పెట్టాను: మా కోడలు స్కూటరు నేర్చుకున్న విధము. ఒక పేజీ అనుకున్నది రెండు పేజీలైంది. చెత్త డబ్బాని గుద్దిన ఘట్టమే సగం పేజీ.

మనవరాలుగారు కుర్చీ నా పక్కకి జరుపుకుని, మెడ కాస్త వంచి, "మీరు ఇందులో ముఖ్యంగా ఏం చెప్పాలనుకుంటున్నారండీ?" అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. వెనకాల ఎవరూ లేరు.

"ఎవర్నే మీరంటున్నావు?"

"నిన్నే. స్టూడెంట్లని మీరనే అనాలి. తిన్నగా చెప్పు... చెప్పండి."

"ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఏమిటంటేనండీ, చెత్త డబ్బాది ఏ తప్పూ లేదండీ."

వంటింట్లోంచి కోడలు, "మామయ్యగారూ, నాకు వినిపిస్తోంది," అంది.

అప్పుడు చూశాను. దీని కళ్ళు నా మాట మీద లేవు. నేను స్కుటరు అని రాశానట, దీర్ఘం లేకుండా. ఆ అక్షరం దగ్గర ఇరుక్కుపోయింది. చెయ్యి మెల్లగా పాములా పెన్ను వైపు వస్తోంది.

"హోల్డాన్!" అని అరిచాను.

పాత గొంతే. బస్సు ఆపాలంటే అలాగే అరిచేవాణ్ణి. కోడలు గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. మనవరాలు చెయ్యి గాల్లోనే ఆపి నన్ను చూసి, ఒక్కసారి పడీ పడీ నవ్వింది. అది అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

గురువారం

పద్ధతి ఖాయమైంది. దాని చెయ్యి పెన్ను వైపు వస్తే నేను హోల్డాన్ అంటాను. అది ప్రశ్న అడిగి నోరుమూసుకుని కూర్చుంటే, నేను రాస్తూ రాస్తూ మధ్యలో దాని మొహం చూస్తే, అది దిద్దకుండా "రైట్ రైట్" అనాలి. బస్సు పోనియ్యమని నేను డ్రైవరుకి చెప్పినట్టు. అంటే బావుందనీ కాదు, బాలేదనీ కాదు. ఆగకు, పోనియ్యి.

ఇది నా సొంత ఆలోచన. యూనివర్సిటీ వాళ్ళకి రాలేదు.

శనివారం

ఇవాళ నేను రకరకాల స్టూడెంట్లుగా కూర్చున్నాను. ముందు ఏడ్చే స్టూడెంటు. ఏడుపు బాగా కుదిరింది, పక్కింటావిడ ఏమైందని అడిగింది. తర్వాత అన్నీ తెలిసిన స్టూడెంటు. ఆ తర్వాత, "మీరే రాసిపెట్టండి మేడం, నాకు బస్సు టైమైంది," అనే రకం. ఆ రకం దగ్గర మనవరాలు తడబడింది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"మీరు ఒక వాక్యం చెప్పండి, నేను వింటాను," అంది.

చెప్పాను. "రైట్ రైట్," అంది. ఇంకోటి చెప్పాను. "రైట్ రైట్." నాకు తెలియకుండానే అరపేజీ రాసేశాను. ఒక్క దీర్ఘం దిద్దలేదు పిల్ల. నేను కావాలనే మూడు తప్పులు పెట్టాను కూడా. దాని దవడ బిగుసుకోవడం చూశాను కానీ చెయ్యి కదల్లేదు.

మంగలి షాపుకి వెళ్ళాను. ఒట్టు గుర్తుంది. ఏమీ చెప్పలేదు. మా ఇంట్లో ఈమధ్య యూనివర్సిటీ నడుస్తోంది అని మాత్రం అన్నాను. అది చెప్పినట్టు కాదు.

మంగళవారం

ఐస్‌క్రీం తెచ్చింది! నాకు పళ్ళు జివ్వుమంటాయని తెలిసీ తెచ్చింది, నేను తెలిసీ తిన్నాను.

ఇవాళ ఒకావిడ వచ్చిందట. ఆస్పత్రిలో నర్సు, డ్యూటీ చేస్తూనే చదువుకుంటోంది. ఏమీ రాయలేకపోతున్నానని వచ్చి కూర్చుంది. మన పిల్ల పెన్ను ముట్టలేదు. నర్సమ్మ వాళ్ళ వార్డు సంగతులు చెబుతూ చెబుతూ రాసుకుంటూ పోయింది. ఆగినప్పుడల్లా ఇది "రైట్ రైట్" అంది. వెళ్ళేటప్పుడు, "ఇంతసేపు నా మాట ఎవరూ వినలేదు మేడం," అందట.

"చూశావా తాతయ్యా!" అని నా భుజం మీద ఒకటి వేసింది.

ఈ ఇంట్లో ట్రైనింగిచ్చేది ఎవరో ఎవరూ ఒప్పుకోరు కానీ, అందరికీ తెలుసు.

శుక్రవారం

ఇది ప్రతిదానికీ రైట్ రైట్ అంటోంది. వాళ్ళమ్మ కూర వడ్డించనా అంటే రైట్ రైట్. ఫోనులో ఎవరితోనో రైట్ రైట్. నా పోలికే.

బుధవారం

రాయడానికి ఏమీ లేదు.

గురువారం

తలుపు వేసి ఉంది.

అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది. కోడలు నా వంక చూసింది. నేనేం చేశాను?

శుక్రవారం

కోడలు డ్యూటీకి వెళ్ళాక తలుపు తట్టాను. "టికెట్, టికెట్," అన్నాను. ఎప్పుడూ నవ్వుతుంది దానికి. తలుపు తీసింది కానీ నవ్వలేదు. మంచం అంచున కూర్చుని చెప్పింది.

నర్సమ్మ మళ్ళీ వచ్చిందట. ఆ వ్యాసం ఇచ్చేసింది, మార్కులు వచ్చాయి, తప్పింది. లెక్చరరు కింద రాశాడట: అడిగింది ఒకటి, రాసింది ఒకటి. రోగుల చేత మందులు వేళకి మింగించడానికి రెండు పద్ధతులిచ్చి, వాటిని పోల్చమన్నారట. ఈవిడ వాళ్ళ వార్డులో జరిగిన కథంతా రాసింది.

"కోపంగా కూడా లేదు తాతయ్యా. కోప్పడినా బాగుండేది. 'మీరు రైట్ రైట్ అన్నారు కదా మేడం, కరెక్టే కాబోలని అలాగే ఇచ్చేశాను,' అంది."

నాకు వెంటనే తట్టలేదు. తర్వాత తట్టింది.

"అది బస్సు రైటే కదే!"

"ఆవిడకెలా తెలుస్తుంది? రైటంటే ఒప్పు అనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు. ఒప్పో తప్పో అనడం అసలు మా పనే కాదు, అది లెక్చరరు పని. మొదటిరోజే చెప్పారు మాకు. నేనేమో పెన్ను ముట్టలేదన్న సంబరంలో, ఆ ప్రశ్న ఏమిటో ఒక్కసారి చదవండి అని కూడా అడగలేదు."

"ఇప్పుడావిడ ఏమంటుంది?"

"పోనీలెండి మేడం, నా రాత అంది. ఎవరికీ చెప్పనంది."

"అమ్మయ్య. మరింకేం? ఆవిడే వదిలేసింది. నువ్వెందుకు పెన్ను మేడం చెవిన వేయడం? వచ్చేవారం నిన్ను చూడాల్సి ఉంది. నోరుమూసుకుని ఆ గండం దాటు."

అది మంచం మీంచి లేచింది.

"నన్ను వదిలేసింది తాతయ్యా. మార్కులు ఆవిణ్ణి వదల్లేదు."

మళ్ళీ తలుపు వేసుకుంది. బస్సు మాట బస్సులో వాడుకోవాలి. యూనివర్సిటీకి మోసుకెళ్ళమని నేను చెప్పానా? నా తప్పేం లేదు.

శనివారం

నా తప్పేం లేదు.

ఆదివారం

మంగలి షాపుకి వెళ్ళాను. గడ్డం గీసినంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. మంగలి నా చిన్ననాటి స్నేహితుడే; వాడు కత్తి పక్కనపెట్టి నా నుదురు మీద చెయ్యి వేసి చూశాడు.

"ఏంట్రా, పన్ను నొప్పా? ఇంట్లో ఎవరికైనా బాలేదా?"

"నోరు మూసుకుని గీకు," అన్నాను.

"నువ్వు మూసుకుంటే నాకు భయమేస్తోందిరా," అన్నాడు. డబ్బులు తీసుకోనన్నాడు. అంత ఘోరంగా ఉందన్నమాట మొహం.

ఇంటికొచ్చి, చెప్పొద్దని నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్దామని దాని గది దాకా వెళ్ళాను. లోపల ఏదో మాట్లాడుకుంటోంది, తనలో తనే. "మేడం, మీకొక విషయం చెప్పాలి... మేడం, నా వల్ల ఒక పొరపాటు..." రకరకాలుగా అంటోంది. నేను తట్టకుండానే వచ్చేశాను. నాకన్నా ముందే బయల్దేరింది పిల్ల.

సోమవారం

చెప్పేసింది.

పెన్ను మేడం మొత్తం విందట. విన్నాక, "రైట్ రైట్ అని ఎవరు నేర్పారు?" అని అడిగిందట.

"మా తాతయ్యండీ. బస్సు కండక్టరు."

నా పేరు అలా యూనివర్సిటీ దాకా వెళ్ళింది. ఇలా వెళ్తుందని అనుకోలేదు.

మేడం లెక్చరరుతో మాట్లాడిందట. నర్సమ్మ మళ్ళీ రాసి ఇవ్వొచ్చు, ఆయన ఒప్పుకున్నాడు. అంతవరకూ బావుంది. అయితే మేడం ఇంకో మాట కూడా అంది: రెండోసారి చూడడం ఆ నర్సమ్మతోనే. ఆవిడ మళ్ళీ నీ దగ్గరికి వస్తానంటేనే.

"రాకపోతే?" అన్నాను.

"రాకపోతే లేదు."

"వేరే స్టూడెంటుని పెట్టొచ్చు కదా! ఇదేం పంతం?"

"పంతం కాదు తాతయ్యా. నేను చెడగొట్టింది ఆవిడ దగ్గర. బాగుచేస్తే అక్కడే చెయ్యాలి కదా."

దీనికి ఇన్ని మాటలు ఎప్పుడొచ్చాయో. నర్సమ్మకి ఫోను చేసింది. డ్యూటీలో ఉందట. "చూస్తాను మేడం," అని పెట్టేసిందట. చూస్తానంటే ఏమిటి? నేను బస్సులో చూస్తానన్న చోట ఎప్పుడూ సీటు దొరకలేదు ఎవరికీ.

మంగళవారం

ఫోను రాలేదు. కోడలు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఎవరూ ఏమీ అనలేదు, తినేశాం. మా అబ్బాయి మాత్రం, వాడికి ఇంట్లో ఏం జరుగుతోందో ఎప్పుడూ తెలీదు, "ఏంటి ఇవాళ అందరూ ఇంత మర్యాదగా ఉన్నారు?" అన్నాడు.

బుధవారం

వస్తానందట! రేపు మధ్యాహ్నం, డ్యూటీ దిగాక.

నాకు ముందే తెలుసు.

గురువారం

మందులు కొనాలని బస్టాపు దాకా వెళ్ళాను. మనవరాలు దిగే బస్టాపే అది. అక్కడ మందుల షాపు లేదని తర్వాత గుర్తొచ్చింది. సరే ఎలాగూ వచ్చాను కదాని బెంచీ మీద కూర్చున్నాను. ఆ బస్సు, ఈ బస్సు, ఎన్నో పోయాయి. ఈ కాలం కండక్టర్లకి గొంతులే లేవు.

దిగింది. మొహం ఇంత పొడుగు.

"తాతయ్యా, మందుల షాపు అటు," అంది.

"గాలికి వచ్చాను. ఏమైంది?"

పక్కన కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. నీళ్ళ సీసా తీసి తాగింది. మూత పెట్టింది. చంపేద్దామనిపించింది.

"ముందు ఆవిడకి చెప్పాను. ఆ రోజు నేను రైటన్నది ఒప్పని కాదండీ, చెప్పుకుంటూ పొమ్మని. అది మీకు తెలిసేలా అనకపోవడం నా పొరపాటు అని. మేడం మూల కూర్చునే ఉంది."

"అయితే?"

"నర్సమ్మ నవ్వలేదు, తిట్టలేదు. సరే, ఇప్పుడేం చెయ్యాలి అంది. ప్రశ్న ఒకసారి పైకి చదువుతారా అన్నాను. చదివింది. నేను మాట్లాడలేదు. మళ్ళీ చదివింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది తాతయ్యా, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చెప్పెయ్యాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. పెన్ను కన్నా నాలుకే కష్టం."

"చెప్పేశావా?"

"లేదు. ఆవిడే అంది: 'అయ్యో, వీళ్ళు నా వార్డు సంగతి అడగనేలేదు. రెండూ పక్కపక్కన పెట్టి ఏది మేలో చెప్పమన్నారు.' పెన్ను తీసి సగం పేజీ కొట్టేసింది. తనే. మిగతా సగంలో ఏది ఏ పద్ధతి కిందకి వస్తుందో గీతలు గీసుకుంది. గీసుకుని, నా వైపు తిరిగి, 'ఇప్పుడు కరెక్టేనా మేడం?' అంది."

అదే కదా అసలు గొయ్యి.

"ఏమన్నావు?"

"కరెక్టో కాదో నేను చెప్పలేనండీ, ప్రశ్ననీ మీరు రాసినదాన్నీ ఎదురెదురుగా పెట్టి మీరే చూడండి అన్నాను. చూసింది. 'కాదు, ఏది మేలో ఇంకా చెప్పలేదు,' అని మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. టైమైపోయినా లేవలేదు."

"బావుంది. మరి ఉద్యోగం?"

"నువ్వేమనుకుంటున్నావు తాతయ్యా?"

"నేననుకునేదేమిటే! పెన్ను మేడం ఏమంది?"

"ఇప్పటివరకూ విన్నదాన్ని బట్టి మీకేమనిపిస్తోందండీ?"

నా మీదే వేస్తోంది విద్య! చెయ్యెత్తాను. అప్పుడు పగలబడి నవ్వింది. బస్టాపులో వాళ్ళంతా తిరిగి చూశారు. నర్సమ్మ వెళ్ళాక మేడం ఆ మూల కుర్చీ ఎత్తి గోడ పక్కన పెట్టిందట. "రేపట్నించి ఇక్కడ నాకు పని లేదు. నీ గది, నీ ఇష్టం," అందట.

లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. ఆ బెంచీ సరిగా బిగించలేదు, ఊగుతోంది. మునిసిపాలిటీ వాళ్ళకి చెప్పాలి. ఇంకాసేపు కూర్చుంటానులే అన్నాను. అది కూడా కూర్చుంది. బస్సులు పోతూనే ఉన్నాయి. ఏ ఒక్కటీ మాది కాదు, మాకేం తొందరా లేదు.

శుక్రవారం

ఇంట్లో అందరూ పొద్దెక్కేదాకా పడుకున్నారు. కోడలు పాట కూడా పాడింది. గొంతు బాలేదు, కానీ అనలేదు. ఒక్కరోజుకి వదిలేశాను.

ఒట్టు తీసెయ్యవే అన్నాను మనవరాల్ని. తీసేసింది. మంగలి షాపుకి వెళ్ళి మొత్తం చెప్పాను. నర్సమ్మ సంగతి రాకుండా చెప్పాను, అది ఆవిడ సంగతి. వాడు ఆదివారం గడ్డం డబ్బులు కూడా ఇమ్మన్నాడు.

సోమవారం

నర్సమ్మ మళ్ళీ రాసి ఇచ్చింది. మార్కులు ఇంకా రాలేదు. వచ్చే వారం ఇంకో వ్యాసానికి మా పిల్ల దగ్గరికే వస్తానని టైము అడిగి వెళ్ళిందట. మనవరాలు ఆ సంగతి మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ కొత్తగా విన్నట్టు విన్నాను.

బుధవారం

పెన్ను మేడం నుంచి కబురు. నాకు!

వచ్చే బ్యాచి చేరుతోందట. ట్రైనింగులో వాళ్ళలో వాళ్ళే ఒకరికొకరు స్టూడెంట్లుగా కూర్చుంటారు కానీ, అందరూ మరీ బుద్ధిమంతులట. అడగగానే చెప్పేస్తారు, చెప్పగానే రాసేస్తారు. వాళ్ళకి మొండిఘటం కావాలట. "మీ తాతగారు వస్తారేమో కనుక్కో," అందట మేడం. కనుక్కోవడమేమిటి, ఇవాళే రమ్మన్నా వెళ్ళేవాణ్ణి. పైకి మాత్రం, "ఆలోచించి చెప్తాలే," అన్నాను.

షరతులున్నాయి. దొంగ ఏడుపు ఏడవకూడదు. నిజంగా నాకు రాయాలనున్నదే తీసుకెళ్ళాలి. "అదేమిటో నువ్వే ఆలోచించుకో తాతయ్యా, నేను చెప్పను," అంది మనవరాలు. చెప్పదు కూడా. అడిగి ఊరుకుంటుంది, గోడలాగా. సాయంత్రమంతా ఏడిపించింది అలా. ఏమనుకున్నానో ఇందులో కూడా రాయను. అది అక్కడ ఎదుట కూర్చునేవాళ్ళు నా చేత రాబట్టాలి, అదే కదా వాళ్ళ ఉద్యోగం.

ఆదివారం

కోడలు చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసింది. "మామయ్యగారూ, అక్కడైనా కాస్త నోరు అదుపులో పెట్టుకోండి," అంది. "మొండిఘటం కావాలనే కదమ్మా పిలిచారు," అన్నాను. మా వాడు నా పెన్నులో రీఫిల్లు మార్చాడు. మనవరాలు ఏ బస్సెక్కాలో చెప్పబోయింది. నాకా!

రేపు ఎవరో కొత్తగా చేరిన పిల్ల గుండె దడదడలాడుతూ నా ముందు కూర్చుంటుంది. పాపం. ఎక్కువ ఏడిపించకూడదు.

కొంచెం ఏడిపిస్తాను.

ఇక పడుకోవాలి. పొద్దున్నే కాలేజీ ఉంది.